గేటు దగ్గర నిలబడే ముందు, బుజ్జమ్మా

బుజ్జమ్మా,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నీకు స్టోర్‌లో సెక్యూరిటీ గార్డుగా ఉద్యోగం వచ్చిందని, సోమవారం నించి డ్యూటీ అని చెప్పింది, చెప్తూ చెప్తూనే ఆడపిల్ల పొద్దస్తమానం గేటు దగ్గర నిలబడటం ఏంటక్కా అని బెంగ పెట్టుకుంది. నేను 19 ఏళ్ళు నిలబడ్డాను కదే, ఆ జీతంతోనే కదా ఇద్దరు పిల్లల్ని చదివించుకున్నాను అన్నాను. మీ అమ్మ సంగతి నాకొదిలెయ్, నేను మాట్లాడతాను.

నీ మెసేజ్ కూడా చూశాను. పెద్దమ్మా, దొంగని ఎలా పట్టుకోవాలో చెప్పవా అని ఒక్క లైను పెట్టావు. కొత్తగా చేరిన వాళ్ళందరూ ఇదే అడుగుతారు, నేనూ ఇదే అడిగాను. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని కూర్చుని రాస్తున్నాను, కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిగ్గా చదువు. ముందు ఒక్క మాట మనసులో పెట్టుకో తల్లీ, మన పని చూడటం. కళ్ళతో చూసింది చెప్పాలి, చూసింది రాయాలి, చూడనిదాన్ని ఊహించుకుని ఎవర్నీ ఏమీ అనకూడదు, ఒంటి మీద చెయ్యి అసలే వెయ్యకూడదు. ఇది నాకు ముందు ఎవరూ చెప్పలేదు, ఒక పెద్దావిడని ఏడిపించాక తెలిసింది.

అప్పటికి నేను చేరి రెండో ఏడు. మధ్యాహ్నం పూట, జనం పల్చగా ఉన్నారు. ఒక పెద్దావిడ, అరవై దాటి ఉంటాయి, చేతిలో చిన్న కవరు పట్టుకుని బయటికి వెళ్తుంటే గేటు బీప్ కొట్టింది. బిల్లు చూశాను, సరిగ్గానే ఉంది. కవరు ఒక్కటే గేటులోంచి అటూ ఇటూ తిప్పాను, మోగలేదు. మీరు ఇంకోసారి రండి అంటే వచ్చింది, మోగింది. అంతే, నా బుర్రలో ఖాయమైపోయింది, ఈవిడ ఏదో దాచిందని. చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను, గట్టిగానే లాగాను, ఏం తీశారో చూపించండి అని అందరూ వినేలా అడిగాను. పాపం ఆవిడ హ్యాండ్‌బ్యాగ్ మొత్తం టేబుల్ మీద బోర్లించేసింది. మందుల చీటీ, తాళాలు, చిల్లర, కళ్ళజోడు పెట్టె. ఏమీ లేదు. చివరికి సూపర్‌వైజర్ వచ్చి మీ బూట్లు కొత్తవా అండీ అని అడిగి విప్పించి చూస్తే లోపలి మెత్త కింద తెల్లటి చిన్న ట్యాగ్ అతికించి ఉంది, బొటనవేలంత ఉంటుందేమో. వేరే షాపులో వారం కిందట కొన్న బూట్లు అవి, ఆ షాపు వాళ్ళు ట్యాగ్ ఆఫ్ చెయ్యడం మర్చిపోయారు, అంతే జరిగింది. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కుర్చీలో కూర్చుని సామాను ఒక్కొక్కటే బ్యాగ్‌లో పెట్టుకుంటూ ఏడ్చింది. చేతులు వణికి ఆ కళ్ళజోడు పెట్టెలో పట్టక మూడుసార్లు బయటికి జారింది, నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, సాయం చెయ్యడానికి కూడా మొహం చెల్లలేదు. మేనేజర్ సారీ చెప్పాడు, నేనూ చెప్పాను. ఆవిడ మళ్ళీ మా స్టోర్‌కి రాలేదు.

అందుకని ముందు ఆ గేటు ఎందుకు మోగుతుందో తెలుసుకో. సరుక్కి అంటించిన ట్యాగ్ ఆఫ్ కాకుండా గేటు దాటితే మోగుతుంది. ఆ ట్యాగుల్లో ఎక్కువగా కనపడేవి రెండు రకాలు. ఒకటి 58 కిలోహెర్ట్జ్ మీద పనిచేసేది, స్టిక్కర్ అయితే చిన్న ప్లాస్టిక్ డబ్బీలా ఉబ్బుగా ఉంటుంది, లోపల సన్నటి లోహపు రేకు ముక్కలుంటాయి. రెండోది 8.2 మెగాహెర్ట్జ్‌ది, చదునుగా కాగితంలా ఉంటుంది, వెలుతురుకి పెట్టి చూస్తే చుట్టలు చుట్టిన తీగ గీతలు కనిపిస్తాయి. స్టిక్కర్ ట్యాగుల్ని కౌంటర్ దగ్గర ప్యాడ్ మీద పెట్టి ఆఫ్ చేస్తారు, బట్టలకి ఉండే గట్టి ప్లాస్టిక్ ట్యాగుల్ని అయస్కాంతం మిషన్‌తో ఊడదీస్తారు. రద్దీలో క్యాషియర్ చెయ్యి తొందరలో ప్యాడ్ మీద సరిగ్గా ఆనించకపోతే ట్యాగ్ బతికే ఉంటుంది. ఇంకో షాపు ట్యాగ్ మీద ఉన్నా మోగుతుంది, అక్కడా ఇక్కడా ఒకే రకం అయితే చాలు. గేటు పక్కనే ఎవరైనా ట్యాగ్ తియ్యని సరుకు స్టాండు తెచ్చి పెట్టినా దానంతటదే మోగుతూ ఉంటుంది, అప్పుడు స్టాండు జరిపించు. ఇక దొంగతనమే వృత్తిగా పెట్టుకున్న వాళ్ళు సంచి లోపల అల్యూమినియం ఫాయిల్ పొరలు కుట్టుకుని వస్తారు, అందులో పెడితే గేటుకి ట్యాగ్ కనపడదు, పిల్లిలా నిశ్శబ్దంగా వెళ్ళిపోతారు. కాబట్టి మోగితే దొంగ అనీ కాదు, మోగకపోతే దొర అనీ కాదు.

మోగినప్పుడు ఏమనాలంటే, నేను ఆ రోజు నించీ ఒకటే మాట వాడాను. "మావాళ్ళు ట్యాగ్ తియ్యడం మర్చిపోయినట్టున్నారండీ, ఒక్క నిమిషం, తీయించేసి ఇస్తాను." తప్పు మనమీద వేసుకుని చెప్తే నిజాయితీగా కొన్నవాళ్ళకి కోపం రాదు, నిజంగా తీసినవాళ్ళకి కూడా అయ్యో ఇది బిల్లు వెయ్యలేదా అని డబ్బు కట్టేసి పోవడానికి దారి దొరుకుతుంది. సరుకు వెనక్కి వచ్చిందా లేదా, అదే కదా కావాల్సింది. తర్వాత కవర్లు ఒక్కొక్కటి విడిగా గేటులోంచి తీసి చూడు, ఆ తర్వాత మనిషిని ఒంటరిగా నడవమను, ఆ మోగుతున్నది ఎక్కడుందో తెలిసిపోతుంది. మనిషి మీద ఉందని తెలిస్తే బూట్లు, పర్సు, కొత్త స్వెటర్ ఏమైనా ఈమధ్య కొన్నారా అని అడుగు. అడగడం వరకే. నువ్వు ఒంటి మీద చెయ్యి వేసి వెతకొద్దు, ఆడవాళ్ళైనా సరే.

ఇక నువ్వు అడిగిన దొంగల సంగతి. ఈ పనిలో పాతవాళ్ళు చెప్పే ఆరు మెట్లు ఉన్నాయి, ప్రపంచంలో ఎక్కడ ఈ పని నేర్పినా కాస్త అటూ ఇటూగా ఇవే చెప్తారు. మనిషి ర్యాక్ దగ్గరికి రావడం నువ్వు చూడాలి, వస్తువు చేతిలోకి తీసుకోవడం చూడాలి, దాన్ని దాచడం చూడాలి, అప్పటి నించి ఒక్క క్షణం కూడా కన్ను పక్కకి తిప్పకుండా ఆ మనిషిని చూస్తూ ఉండాలి, డబ్బు కట్టకపోవడం చూడాలి, బిల్లింగ్ దాటి బయటికి అడుగు పెట్టడం చూడాలి. ఆరూ కావాలి. అయిదు సరిపోవు. నాలుగోదే అందరూ తప్పేది, మధ్యలో ఎవరో వచ్చి టాయిలెట్ ఎటు అని అడుగుతారు, నువ్వు చెయ్యి చూపించి మళ్ళీ ఇటు తిరిగేలోపు ఆ మనిషి భయపడో మనసు మార్చుకునో ఆ వస్తువుని పక్క ర్యాక్ వెనక పడేసి ఉండొచ్చు. నేను చూశాను అలాంటివి, సాయంత్రం ఫ్లోర్ పిల్లలు సర్దుతుంటే బట్టల మడతల మధ్యలోంచి షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్ బయటపడేది. కన్ను తప్పితే వదిలెయ్యాలి. మనసు ఎంత లాగినా వదిలెయ్, సూపర్‌వైజర్‌కి చెప్పు, రిజిస్టర్‌లో రాయి, కెమెరా వాళ్ళని ఆ టైము చూడమను.

ఆరూ చూశావనుకో, అప్పుడు ఆపొచ్చా లేదా అన్నది ఒక్కో చోట ఒక్కో చట్టం, ఒక్కో కంపెనీకి ఒక్కో పద్ధతి. కొన్ని చోట్ల గార్డు మనిషిని ఆపనే కూడదు, చూసి చెప్పడం వరకే. కొన్ని చోట్ల పోలీసులు వచ్చే వరకు కూర్చోబెట్టొచ్చు. కాబట్టి మొదటి రోజే అడుగు, నేను ఎంతవరకు చెయ్యొచ్చు, రాతలో ఇవ్వండి అని. ఇవ్వమంటే మొహం ఎలాగో పెడతారు, పెట్టనీ. నోటి మాటగా "చూసుకో, పట్టుకో" అన్నవాళ్ళే రేపు గొడవైతే "మేము చెప్పలేదు" అంటారు, నేను ఇద్దరు గార్డుల విషయంలో కళ్ళారా చూశాను. గేటు దాటి పరిగెత్తొద్దు, పార్కింగ్‌లోకి అసలు పోవద్దు. వాళ్ళ దగ్గర ఏముందో నీకు తెలీదు, బయట బండి స్టార్ట్ చేసి ఇంకొకడు కూర్చున్నాడేమో తెలీదు. పోయిన సరుకు లెక్క కంపెనీ చూసుకుంటుంది. నీ మోకాలు విరిగితే మీ అమ్మ చూసుకోవాలి.

మనుషుల్ని బట్టలు చూసి అంచనా వెయ్యకు బుజ్జమ్మా, ఇది బతిమాలి చెప్తున్నాను. చినిగిన చొక్కా వేసుకున్నాడని వెనకాలే తిరగడం, నున్నగా తయారై వస్తే సెల్యూట్ కొట్టడం, మన డ్యూటీలో ఇంతకంటే పాడు అలవాటు లేదు. మనలాంటి ఇళ్ళ నించి వచ్చినవాళ్ళే మనలాంటి వాళ్ళని అనుమానంగా చూస్తే ఇంకెవరు గౌరవంగా చూస్తారు. వాళ్ళు చేసేది చూడు, వేషం చూడకు. కొనడానికి వచ్చినవాళ్ళ కళ్ళు సరుకు మీద, రేటు మీద ఉంటాయి. తియ్యడానికి వచ్చినవాళ్ళ కళ్ళు మనుషుల మీద, కెమెరాల మీద ఉంటాయి. ఒకే వస్తువు సైజు చూడకుండా నాలుగు తీసుకోవడం, ఖాళీ సంచి నోరు తెరిచి బుట్టలో పెట్టుకోవడం, ట్రయల్ రూమ్‌లోకి ఆరు తీసుకెళ్ళి అయిదు తేవడం, ఇవి చూడాలి. ట్రయల్ రూమ్ దగ్గర డ్యూటీ వేస్తే లోపలికి వెళ్ళేటప్పుడే నవ్వుతూ లెక్కపెట్టు, ఎన్నున్నాయో గట్టిగా చెప్పి టోకెన్ ఇవ్వు, అదే సగం పని చేసేస్తుంది.

మిగతా సగం పని పలకరింపు చేస్తుంది. లోపలికి వచ్చే ప్రతి ఒక్కళ్ళ కళ్ళలోకి చూసి రండి అను. కొనేవాళ్ళకి అది మర్యాద, వేరే ఉద్దేశంతో వచ్చినవాళ్ళకి ఈవిడ నన్ను చూసింది, నా మొహం గుర్తుపెట్టుకుంది అన్న సంగతి. చాలామంది అక్కడే వెనక్కి తిరిగి పోతారు. వాళ్ళెవరో నీకెప్పటికీ తెలీదు, నువ్వు ఆపినట్టు ఎవరూ మెచ్చుకోరు కూడా.

ఇప్పుడు రిజిస్టర్ గురించి చెప్తాను, దీని మీద కాస్త ఎక్కువే రాస్తాను ఎందుకంటే ఎవరూ దీన్ని పట్టించుకోరు. 1972 జూన్ 17 అర్ధరాత్రి దాటాక వాషింగ్టన్‌లో వాటర్‌గేట్ అనే బిల్డింగ్‌లో ఫ్రాంక్ విల్స్ అని 24 ఏళ్ళ గార్డు రౌండ్ తిరుగుతున్నాడు. కింద పార్కింగ్ వైపు తలుపు గడియ పడకుండా టేప్ అంటించి ఉంది. పనివాళ్ళు ఎవరో మర్చిపోయి ఉంటారులే అని తీసేశాడు. మళ్ళీ రౌండ్‌కి వస్తే అదే తలుపుకి మళ్ళీ టేప్. అప్పుడు పోలీసులకి ఫోన్ చేశాడు, లోపల ప్రతిపక్ష పార్టీ ఆఫీసులోకి చొరబడ్డ అయిదుగురు దొరికారు, ఆ కేసు పెరిగి పెరిగి 1974లో అమెరికా ప్రెసిడెంట్ నిక్సన్ రాజీనామా దాకా పోయింది. అతను చేసిందల్లా ఒకసారి చూసిన తలుపుని రెండోసారి కూడా నిజంగా చూడటం. ఆ రాత్రి అతను చేత్తో రాసిన లాగ్ బుక్ పేజీని అమెరికా ప్రభుత్వ ఆర్కైవ్స్‌లో దాచిపెట్టారు. మనలాంటి గార్డు రాసిన పేజీ అది. నాకు ఆ సంగతి తెలిసిన రోజు నించి రిజిస్టర్ రాయడంలో ఎప్పుడూ బద్ధకించలేదు.

రాయడం ఎలాగంటే, "సాయంత్రం ఒక వ్యక్తి అనుమానాస్పదంగా తిరిగాడు" అని రాస్తే అది ఎందుకూ పనికిరాదు. అనుమానం నీ బుర్రలో ఉంది, దాన్ని ఎవరూ చూడలేరు. "6.42కి నీలం చొక్కా, నల్ల బ్యాక్‌ప్యాక్, ఎడమ చేతికి కట్టు ఉన్న మనిషి లోపలికి వచ్చాడు, 6.50కి సెంట్ల ర్యాక్ దగ్గర రెండు పెట్టెలు తీసుకున్నాడు, 6.58కి నేను కస్టమర్‌తో మాట్లాడుతూ తల తిప్పాను, 7.01కి బిల్లింగ్ దగ్గర ఆగకుండా వెళ్ళాడు, చేతిలో పెట్టెలు కనపడలేదు, ఆపలేదు, సూపర్‌వైజర్‌కి 7.02కి చెప్పాను." ఇలా రాయి. తల తిప్పిన సంగతి కూడా రాయాలి, దాచకూడదు, దాచితే కెమెరాలో కనపడుతుంది, అప్పుడు మిగతా అన్నీ అబద్ధమే అనుకుంటారు. ఖాళీ లైన్లు వదలకు, కొట్టేసినా ఒక్క గీతే గీసి పక్కన సంతకం పెట్టు, వైట్‌నర్ పూయకు. షిఫ్ట్ మారేటప్పుడు తాళాలు లెక్కపెట్టి, వాకీటాకీ ఛార్జింగ్ చూసి, పై పేజీ చదివి అప్పుడు సంతకం. ఎదురుగా ఉన్నవాళ్ళు ఇంటికి పోవాలని తొందర పెడతారు, పెట్టినా సరే.

నాకు ఒకచోట ఆ రిజిస్టరే అండగా నిలిచింది. ఆ స్టోర్ పేరు వద్దులే. వెనక ఫైర్ ఎగ్జిట్ నించి సరుకు పోతోందని మేనేజర్ అనుమానం, ఆ తలుపుకి గొలుసు వేసి తాళం వెయ్యమన్నాడు. దానికి ముందు నించే అట్టపెట్టెలు అడ్డంగా పేర్చి ఉండేవి. నేను వెయ్యను అన్నాను. ఎందుకంటే 2004 ఆగస్టు 1న పరాగ్వే దేశంలో అసున్సియోన్ ఊళ్ళో ఒక సూపర్‌మార్కెట్ తగలబడింది, జనం డబ్బు కట్టకుండా బయటికి పోతారని తలుపులు మూసేశారు, దాదాపు 400 మంది చచ్చిపోయారు, పిల్లలు కూడా. ఓనర్లతో పాటు ఒక గార్డుకి కూడా శిక్ష పడింది. మాకు ట్రైనింగ్‌లో ఒక సార్ ఆ సంగతి చెప్పి కాసేపు మాట్లాడలేక ఆగిపోయారు, నాకు అది గుండెల్లో ఉండిపోయింది. ఆ తలుపు మూసిన మనిషి కూడా మనలాగే యూనిఫాం వేసుకుని, పైవాళ్ళు చెప్పింది చేస్తున్నాను అనుకునే ఉంటాడు. నేను రిజిస్టర్‌లో టైము వేసి రాశాను, ఫైర్ ఎగ్జిట్‌కి తాళం వెయ్యమన్నారు, ప్రాణాపాయం కాబట్టి వెయ్యలేదు, పెట్టెలు తీయించమని కోరాను అని. నెల తిరక్కుండా నన్ను దూరపు బ్రాంచ్‌కి మార్చారు, రోజూ రెండు బస్సులు మారి వెళ్ళాల్సి వచ్చింది. కానీ ఆ తలుపుకి తాళం మాత్రం పడలేదు, ఎందుకంటే రాతలో ఉండిపోయింది. దొంగతనం భయం ఉంటే ఆ తలుపుకి తీస్తే మోగే అలారం పెట్టుకోవచ్చు, లోపల నించి తోస్తే తెరుచుకునే బార్ పెట్టుకోవచ్చు. తాళం మాత్రం వద్దు. నువ్వు చేరిన రోజు మొదటి రౌండ్‌లో ఎగ్జిట్లు అన్నీ నడిచి చూడు, చేత్తో తోసి చూడు.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ల ముల్లు పచ్చ గీతలో ఉందా చూడు. కార్బన్ డయాక్సైడ్ దానికి ముల్లు ఉండదు, బరువుని బట్టి చూస్తారు, దాని చీటీ మీద తేదీ చదువు. వాడాల్సి వస్తే పిన్ను లాగి, మంట మొదట్లోకి గురిపెట్టి, నొక్కి, అటూ ఇటూ ఊడ్చినట్టు కొట్టాలి. చేత్తో పట్టుకునేది నిమిషం కూడా రాదు, కొన్ని సెకన్లే. నీ వెనకాల బయటికి దారి ఉండేలా నిలబడు, మంట నీ నడుము ఎత్తు దాటితే వదిలేసి జనాన్ని బయటికి పంపు. కరెంటు మంట మీద నీళ్ళు పొయ్యొద్దు.

పెద్ద సేల్ రోజుల్లో జాగ్రత్త. 2008 నవంబర్ 28 తెల్లవారుజామున న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో సేల్ కోసం బయట ఎదురుచూస్తున్న జనం ఒక్కసారి తోసుకొచ్చి తలుపులు విరిగి అక్కడ నిలబడ్డ ఉద్యోగి ఒకతను కాళ్ళ కింద నలిగి చనిపోయాడు. అలాంటి రోజు తలుపుకి అడ్డంగా ఎదురు నిలబడకు, పక్కన నిలబడు. బయట లైను ముందు రాత్రే వంకరగా కట్టించమను, కొంచెం కొంచెంగా వదలమను. ముందే చెప్పాలి ఇవన్నీ, జనం వచ్చాక ఎవరూ వినరు.

తప్పిపోయిన పిల్లలు వారానికి ఒక్కళ్ళైనా వస్తారు నీ దగ్గరికి, యూనిఫాం చూసి వస్తారు. కింద కూర్చుని వాళ్ళ ఎత్తులో మాట్లాడు. మైకులో పిల్ల పేరు, బట్టల రంగు చెప్పించొద్దు, ఎవరైనా విని నా పిల్లే అని రావచ్చు. ఎవరైనా వస్తే పేరేంటి, ఏ రంగు వేసుకుంది అని వాళ్ళనే అడిగి, పిల్ల వాళ్ళని చూసి ఎలా ఉందో చూసి అప్పుడు అప్పగించు. పిల్లని తీసుకుని తల్లిదండ్రుల్ని వెతుకుతూ స్టోర్ అంతా తిరక్కు, ఒక్కచోటే ఉండు, ఇంకో ఆడమనిషి పక్కన ఉండేలా చూసుకో. ఎవరైనా ఉన్నట్టుండి పడిపోయి పిలిస్తే పలక్కుండా, ఊపిరి సరిగ్గా తీసుకోకుండా ఉంటే ఒకళ్ళని వేలు చూపించి నువ్వు అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి అని చెప్పి ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి నొక్కు, నిమిషానికి 100 నించి 120 సార్లు, పెద్దవాళ్ళకి 5 సెంటీమీటర్ల లోతు. ఇది కాగితం మీద చదివితే రాదు, ఎక్కడైనా నేర్పిస్తుంటే సెలవు పెట్టి అయినా వెళ్ళి నేర్చుకో, ఫీజు నేను కడతాను.

స్టాఫ్‌తో స్నేహంగా ఉండు కానీ వాళ్ళ సంచీ నీ దగ్గర పెట్టుకోకు, అక్కా ఇది సాయంత్రం ఇచ్చెయ్ అని ఎంత చనువుగా అన్నా సరే. వెళ్ళేటప్పుడు బ్యాగులు చెక్ చెయ్యమని రూల్ ఉంటే మేనేజర్ బ్యాగ్ కూడా అందరితో పాటే చూడు, ఊడ్చే ఆమెది మాత్రమే చూసి మేనేజర్‌కి తలవంచితే ఆ చెకింగ్‌కి అర్థం లేదు. గేటు దగ్గర బిల్లు చూసేటప్పుడు ఊరికే స్టాంపు కొట్టకు, ఎన్ని వస్తువులు, అందులో అన్నిటికంటే ఖరీదైనది ఏది, అది బిల్లులో ఉందా, ట్రాలీ కింది అరలో ఏముంది, ఈ నాలుగూ చాలు. కౌంటర్‌లో ఉన్నవాళ్ళు తెలిసినవాళ్ళకి సగం వస్తువులే స్కాన్ చేసి పంపడం ప్రతిచోటా ఉంటుంది, అది బిల్లు లెక్కలోనే దొరుకుతుంది. వెనక సరుకు గేటు దగ్గర వేస్తే లారీ సీలు తెంచకముందే దాని నంబరు కాగితం మీది నంబరుతో కలిపి చూడు, నువ్వే చదువు, డ్రైవర్ చదివితే విని రాసుకోకు. వెళ్ళేటప్పుడు ఖాళీ అట్టపెట్టెలు, చెత్త సంచులు కూడా చూడాలి, అసలు సరుకు చాలాసార్లు చెత్తలోనే పోతుంది.

ఎవరూ పట్టించుకోకుండా వదిలేసిన బ్యాగ్ కనపడితే కదపకు, తెరవకు, కాలితో తన్నకు. చుట్టుపక్కల వాళ్ళని ఎవరిది అని అడుగు, ఎవరిదీ కాదంటే జనాన్ని దూరంగా పంపి పైకి చెప్పు. 99 సార్లు ఎవరో మర్చిపోయిన గొడుగే ఉంటుంది, అయినా నూరుసార్లూ ఇలాగే చెయ్యి.

మాటలు పడాల్సి వస్తుంది తల్లీ, అది ముందే చెప్తున్నాను. బ్యాగ్ కౌంటర్‌లో పెట్టండి అంటే నన్ను దొంగ అంటున్నావా అని అరుస్తారు, మీ మేనేజర్‌ని పిలువు, నీ ఉద్యోగం తీయించేస్తాను అంటారు. గొంతు వాళ్ళ కంటే ఒక మెట్టు కిందే ఉంచు. అందరికీ ఇదే రూల్ అండీ అని ఒకే మాట, ఎన్నిసార్లైనా అదే మాట. రెండు చేతులూ కనపడేలా ఉంచు, నడుము మీద పెట్టుకోకు, మరీ దగ్గరికి వెళ్ళకు. అది నిన్ను అంటున్నట్టు అనిపిస్తుంది, వాళ్ళకి నీ పేరు కూడా తెలీదు, ఆ రోజు వాళ్ళ ఇంట్లో ఏమైందో మనకి తెలీదు. కానీ ఎవరైనా చెయ్యి వేసినా, వంకర మాటలు మాట్లాడినా, అది కస్టమర్ అయినా సూపర్‌వైజర్ అయినా, ఓర్చుకోవడం మన డ్యూటీలో లేదు. టైము వేసి రాయి, పైవాళ్ళకి రాసివ్వు, ఒక కాపీ ఫోటో తీసి నాకు పంపు. ఒంటరిగా మోసుకోకు.

ఇంక కాళ్ళు. నువ్వు నవ్వుతావేమో కానీ ఈ ఉద్యోగంలో ముందు పోయేవి కాళ్ళే. నాకు ఎనిమిదో ఏడు వచ్చేసరికి ఎడమ పిక్క మీద నరాలు తాళ్ళలా ఉబ్బి నీలంగా తేలాయి, రాత్రి దిండు మీద కాలు పెడితే గానీ నిద్ర పట్టేది కాదు. మోకాళ్ళు బిగించి కర్రలా నిలబడకు, కొంచెం వదులుగా ఉంచు. బరువు ఈ కాలి మీద నించి ఆ కాలి మీదకి మారుస్తూ ఉండు, మడమలు ఎత్తి దించుతూ ఉండు, పిక్కలు కదిలితేనే రక్తం పైకి ఎక్కుతుంది. అరగంటకోసారి పది అడుగులు నడువు. పిక్కల దాకా వచ్చే బిగుతు సాక్సులు మందుల షాపులో దొరుకుతాయి, పొద్దున్నే లేవగానే వేసుకోవాలి. టాయిలెట్‌కి పోవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానెయ్యకు, మన ఆడవాళ్ళం అందరం చేసే తప్పు ఇదే, నేను చేసి మూత్రంలో ఇన్ఫెక్షన్ తెచ్చుకుని జ్వరంతో మంచాన పడ్డాను. నీ బదులు కాసేపు నిలబడే రిలీవర్‌ని అడుగు, నెలసరి రోజుల్లో రెండుసార్లు ఎక్కువ అడుగు, సిగ్గుపడేది ఏమీ లేదు. కుర్చీ కూడా అడుగు. 1964లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థ 120వ ఒప్పందంలో షాపుల్లో, ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చోవడానికి సరిపడా కుర్చీలు ఉండాలి, వాటిలో కూర్చోవడానికి తగిన అవకాశం ఇవ్వాలి అని రాశారు. గార్డు కూర్చుంటే బద్ధకంగా కనపడుతుంది అనేవాళ్ళకి ఈ మాట మర్యాదగా చెప్పు. డబుల్ డ్యూటీ అలవాటు చేసుకోకు, రిలీవర్ రాలేదు చెల్లీ ఈ ఒక్కరోజు అంటారు, ఆ ఒక్కరోజు నెలకి పదిసార్లు వస్తుంది, పదహారు గంటలు నిలబడ్డ మనిషి కళ్ళు తెరిచి ఉన్నా ఏమీ చూడలేదు.

చేరేటప్పుడు అపాయింట్‌మెంట్ కాగితం చేతికి తీసుకో. ఓవర్‌టైం గంటకి ఎంత, యూనిఫాం డబ్బు జీతంలో కోస్తారా, సరుకు పోతే నీ జీతంలో కోస్తారా, ఈ మూడూ అడిగాకే సంతకం పెట్టు.

బూట్లు మాత్రం కంపెనీ ఇచ్చేవి వేసుకోకు, అడుగు రాయిలా ఉంటుంది. నల్లటివి, లోపల మెత్త ఉన్నవి నేను కొని పంపిస్తాను. దానికి నువ్వు చెయ్యాల్సింది ఒకటే, ఒక తెల్ల కాగితం నేల మీద పెట్టి, దాని మీద నిలబడి, రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించుకుని పొడవు స్కేలుతో కొలిచి పక్కన రాసి ఫోటో పంపు. పొద్దున కొలవకు, సాయంత్రం కొలువు, సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బుతాయి, పొద్దున కొలిచిన సైజు షిఫ్ట్ చివర్లో కొరుకుతుంది. శుక్రవారం లోపు పంపితే సోమవారానికి అందుతాయి.

పెద్దమ్మ